ఫైట్ క్లబ్ చివరి పాట: కన్నది ఎవరు, పెంచింది ఎవరు?

శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి రాస్తున్నాను: "ఫైట్ క్లబ్ ఈమధ్యే చూశాను. చివర్లో వచ్చే 'వేర్ ఈజ్ మై మైండ్' పాట రెండు వారాలుగా బుర్రలోంచి పోవడం లేదు. ఆ పాట సినిమా కోసమే చేశారా? వేరేగా వచ్చిన పాటైతే ఆ రెండూ ఇంతలా ఎలా అతుక్కుపోయాయి? నేను తీస్తున్న షార్ట్ ఫిల్మ్ చివర్లో అదే పాట పెట్టుకోవచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. అది సినిమా కోసం చేసిన పాట కాదు. పాట 1988లో వచ్చింది, ఈ హాలీవుడ్ సినిమా 1999లో. మధ్యలో 11 ఏళ్ల తేడా. అతుక్కుపోవడానికి పాట మాటలు కథకు సరిపోవడం ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదని నా నమ్మకం. పాటను సినిమాలో ఎక్కడ పెట్టారు, అప్పటికి చూసేవాడికి ఆ పాట ఎంత కొత్త అన్న రెండు విషయాల్లో ఉంది కిటుకంతా. ఇక మీ షార్ట్ ఫిల్మ్‌లో పెట్టుకోవచ్చా అంటే, అనుమతి లేకుండా కుదరదు. అనుమతి మన జేబులకు అందేది కాదు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడ నాకు ఒక దెబ్బ తగిలింది.

(సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. ఇకమీదట మాట్లాడేదంతా చివరి సీను గురించే.)

నా సంగతి రెండు ముక్కల్లో. విజయనగరంలో పాతికేళ్లు ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించాను. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, కాలేజీ యాన్యువల్ డేలు, పైడితల్లమ్మ పండగ రోజుల్లో స్టేజీ ప్రోగ్రాములు. ఇప్పుడు వేళ్లు సహకరించక, మూడు లాంతర్ల దగ్గర ఒక చిన్న గదిలో కూర్చుని కుర్రాళ్ల షార్ట్ ఫిల్ములకు సౌండ్ మిక్సింగ్ చేస్తున్నాను. సినిమా పండితుణ్ని కాను. కానీ ఒక పాట ఒక సందర్భానికి ఎలా అంటుకుపోతుందో స్టేజీ మీద నిలబడి, ఎదురుగా ఉన్న మొహాలు చూస్తూ నేర్చుకున్నాను.

మీకు ఆ మొదటి ప్రశ్న రావడం సహజమే. మన దగ్గర పాట సినిమా కడుపులోనే పుడుతుంది. డైరెక్టరు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, కవిగారు దానికి మాటలు కూరుస్తారు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ అయినా, మా ఊళ్లోనే పుట్టిన సుశీలమ్మ గొంతు అయినా మన చెవిన పడింది ఎక్కువగా సినిమా దారిలోనే. అందుకే ఏ పాట విన్నా "ఏ సినిమాలోది?" అని అడుగుతాం. అమెరికాలో, ఇంగ్లాండులో రాక్ బ్యాండుల పద్ధతి వేరు. వాళ్లు ఆల్బం చేసుకుంటారు, ఊరూరా తిరిగి వాయించుకుంటారు. సినిమావాడికి కావలిస్తే వచ్చి, డబ్బు కట్టి, అరువు తీసుకుంటాడు. అక్కడా సినిమా కోసం పుట్టిన పాటలు లేకపోలేదు. 1985 నాటి 'ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' కోసం రాసిన 'డోంట్ యు' పాటను ఒకరిద్దరు పేరున్న గాయకులు వద్దన్నాక, సింపుల్ మైండ్స్ బ్యాండు అయిష్టంగానే పాడింది. తీరా చూస్తే అమెరికాలో నంబర్ వన్ అయింది. అది కన్నతల్లి దగ్గరే పెరిగిన బిడ్డ. మీరు అడిగిన పాట దత్తత వెళ్లిన బిడ్డ. కన్నది దేవకి అయినా, జనం నోట ఉండేది యశోద పేరే కదా. సరిగ్గా అలాగే.

ఆ దేవకి పేరు పిక్సీస్. బోస్టన్ బ్యాండు, 1986లో మొదలైంది. బ్లాక్ ఫ్రాన్సిస్ పాడి, రాసేవాడు. జోయీ శాంటియాగో లీడ్ గిటార్, కిమ్ డీల్ బేస్ గిటార్, డేవిడ్ లవరింగ్ డ్రమ్స్. 'సర్ఫర్ రోజా' అనే ఆల్బంలో ఏడో పాటగా ఇది వచ్చింది. పాట పుట్టుక వింటే నవ్వొస్తుంది. ఫ్రాన్సిస్ కరీబియన్ సముద్రంలో డైవింగ్‌కి వెళ్తే ఒక చిన్న చేప వెంటపడిందట. అదీ మూలం. మతి చలించిన మనిషి కథ కాదు, మానసిక వ్యధ కాదు, చేప! మన భీమిలి జాలరికి చెబితే "దానికి పాటెందుకు బాబూ" అంటాడు.

ఆల్బం అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. అమెరికాలో గోల్డ్ రికార్డు అనిపించుకోవడానికి 2005 దాకా పట్టింది. వాయించేవాళ్లకు మాత్రం అది పాఠ్యపుస్తకం. నిర్వాణా బ్యాండు గాయకుడు కర్ట్ కొబేన్ కూడా తన పెద్ద హిట్టు పిక్సీస్ పద్ధతిని అనుకరించబోయి చేసిందేనని బాహాటంగా ఒప్పుకున్నాడు. 1993లో బ్యాండు విడిపోయింది. అంటే 1999లో ఫైట్ క్లబ్ థియేటర్లకు వచ్చేసరికి ఆ పాట వాయించిన నలుగురూ ఒక బ్యాండుగా లేనే లేరు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు పాట లోపలికి. గిటారు వాయించేవాళ్లకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: 'ఈ' మేజర్, 'సి' షార్ప్ మైనర్, 'జి' షార్ప్ మేజర్, 'ఏ' మేజర్. ఈ నాలుగు కార్డులే (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులే) తిరుగుతుంటాయి. కానీ మూడోది వచ్చినప్పుడల్లా కాలి కింద మెట్టు ఒకటి లేనట్టు అనిపిస్తుంది కదా? దానికి లెక్క ఉంది. నా స్నేహితుడు ఒకడు మా ఊరి సంగీతం కాలేజీలో వయొలిన్ నేర్చుకున్నాడు. 1919లో పెట్టిన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పిన చోటు. ఒకరోజు వాడికి ఈ పాట వినిపించాను. రెండుసార్లు విని, "ఇదేట్రా, శంకరాభరణంలో నడుస్తా నడుస్తా సరసాంగిలోకి కాలు జారినాడు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ రెండు రాగాలకూ తేడా ధైవతంలోనే. 'ఈ'ని షడ్జమం అనుకుంటే రెండో కార్డులో చతుశ్రుతి ధైవతం ఉంది. మూడో కార్డులో అది శుద్ధ ధైవతానికి దిగిపోతుంది. నాలుగో కార్డులో మళ్లీ పైకొచ్చేస్తుంది. అరమెట్టు దిగడం, వెంటనే ఎక్కడం. "అంతా బాగానే ఉంది" అంటూనే ఒక్క క్షణం తడబడే మనిషిలా ఉంటుంది. ఫైట్ క్లబ్ హీరో అచ్చంగా అలాంటివాడే. కీబోర్డు ఉంటే మూడో కార్డును మైనర్‌గా మార్చి వాయించి చూడండి. మామూలు పాట అయిపోతుంది.

ఇంకొకటి, మొదట్లో వచ్చే ఆ "ఊ...". కిమ్ డీల్ గొంతు అది. ఆ గుంయ్‌మనే శబ్దం యంత్రంతో వేసింది కాదు. రికార్డింగ్ ఇంజినీరు స్టీవ్ అల్బీనీ ఆమెను స్టూడియో బాత్రూములో నిలబెట్టి పాడించాడు. బాత్రూములో పాడితే ఎవరి గొంతయినా బాగుంటుందని మనందరికీ తెలిసిన విద్యే కదా, ఆయన దానికి మైకు పెట్టాడంతే.

సరే, ఇంత బాగున్న పాట 11 ఏళ్లు ఎందుకు ఊరుకుంది? ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. అనుకోకుండా నా మీద నేనే ప్రయోగం చేసుకున్నట్టు అయింది.

మా పెద్దమ్మ కొడుకు సోంపేట వైపు వాడు, ఓడల్లో పనిచేసేవాడు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఏవేవో ఇంగ్లీషు క్యాసెట్లు తెచ్చేవాడు. 1997 ప్రాంతంలో అతను ఇచ్చిన ఒక కాపీ క్యాసెట్‌లో ఈ పాట ఉంది. అట్ట మీద పేర్లు లేవు. లీడ్ ముక్క చిన్నది, తేలిక, అందుకని చెవితో పట్టుకుని నేర్చుకున్నాను. నచ్చింది. అంతే. ఒళ్లు గగుర్పొడవలేదు, రాత్రి నిద్ర పట్టకపోవడం లేదు. పది పాటల్లో అదొకటి.

2001లోనో 2002లోనో ఫైట్ క్లబ్ చూశాను. సీడీ షాపులో రోజుకు పది రూపాయల అద్దెకు రెండు సీడీల సెట్టు. దొంగ కాపీ అని వేరే చెప్పక్కర్లేదు. సినిమా 139 నిమిషాలు. రెండో సీడీ చివర గీతలు పడి ఉంది. హీరో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తుపాకీ ఉంది, హీరోయిన్ మార్లాను లోపలికి తీసుకొస్తున్నారు, అక్కడికి వచ్చేసరికి బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోయింది. ఎంత తుడిచినా లాభం లేదు. లుంగీతో తుడిచాను, పసిబిడ్డల సబ్బుతో కడిగాను. నాకు తెలిసిన ఫైట్ క్లబ్ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ఆరు నెలలు "బాగుంది గానీ ఏదో ఉక్కపోతగా ఉంది, మనిషిని లోపల పెట్టి తలుపేసినట్టుంది" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

తర్వాత శ్రీకాకుళంలో ఒక కాలేజీ ప్రోగ్రాముకు వెళ్లినప్పుడు, హాస్టల్లో ఒక కుర్రాడి కంప్యూటర్లో ఆ చివరి రెండు మూడు నిమిషాలు చూశాను. అద్దాల గోడ, చీకటి ఊరు, ఇద్దరు మనుషులు, ఆ "ఊ...". నా క్యాసెట్ పాట! నేను వందసార్లు వాయించిన పాట! భవనాలు ఒక్కొక్కటీ కూలుతున్నాయి, వాళ్లు చేతులు పట్టుకుని చూస్తున్నారు. ఆరు నెలలుగా మూసిన తలుపు తెరుచుకున్నట్టయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ పాటను ఒట్టి పాటగా వినడం నా వల్ల కాలేదు. పెద్దమ్మ కొడుకు క్యాసెట్ జ్ఞాపకం పూర్తిగా చెరిగిపోయింది. ముందు నాకు పాట తెలుసు, తర్వాత పాట లేని సినిమా తెలుసు, ఆఖరున రెండూ కలిసి తెలిశాయి. విడివిడిగా ఉన్నప్పుడు ఏదీ నన్ను పట్టుకోలేదు.

అప్పటి నుంచి ఎందుకా అని ఆలోచిస్తూనే ఉన్నాను. నాకు తేలింది ఇది.

మొదటిది, ఆకలి. ఆ సినిమా నేపథ్య సంగీతం డస్ట్ బ్రదర్స్ అనే జంటది. ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ సంగీతం, చిన్న చిన్న ముక్కలను పదేపదే తిప్పే పద్ధతి, ఫ్యాక్టరీలో నిలబడ్డట్టు ఉంటుంది. నిద్ర పట్టని మనిషి బుర్రలో మోత అది, సినిమాకు అదే కావాలి. రెండు గంటలు చెవులకు యంత్రం తినిపించాక చివర్లో ఒక ఆడమనిషి గొంతు, ఒక మామూలు గిటారు. ఎండలో నడిచి వచ్చినవాడికి ఇచ్చిన మజ్జిగ. అదే మజ్జిగ భోజనం మధ్యలో ఇస్తే ఎవడూ తలెత్తి చూడడు. దర్శకుడు డేవిడ్ ఫించర్ గొప్పతనం పాటను ఎంచుకోవడంలో ఎంత ఉందో, అప్పటిదాకా అలాంటిది ఇవ్వకుండా మనల్ని మాడ్చడంలోనూ అంతే ఉంది.

రెండోది, పాత బంధాలు లేకపోవడం. పాట మంచిదే కానీ జనంలో నలగలేదు. బ్యాండు లేదు, టీవీలో రోజూ వచ్చేది కాదు. ఎవరి పెళ్లిలోనూ మోగలేదు, ఎవరి ప్రేమకూ గుర్తు కాదు. ఖాళీ ఇల్లు. సినిమా వచ్చి సామాను దించుకుంది. ఇదే అందరికీ తెలిసిన పాట అయివుంటే ఒక్కొక్కరు ఒక్కో జ్ఞాపకంలోకి వెళ్లిపోయేవారు.

మూడోది, పాట ఆపకుండా పేర్ల మీదకు పారించడం. భవనాలు కూలాక తెర నల్లబడుతుంది, పాట సాగుతూనే ఉంటుంది. చూడటానికి బొమ్మ లేదు, లేవడానికి మనసు రాదు. అప్పటిదాకా చూసిన రెండు గంటలూ ఆ పాటలో నానతాయి. ఆర్కెస్ట్రాలో మేము దీన్ని బాగా వాడేవాళ్లం. చివరి పాట ఏది వాయిస్తామో జనం దాన్నే ఇంటికి పట్టుకెళ్తారు. మా లీడర్ ప్రోగ్రాం మధ్యలో తప్పులు పోతే తిట్టేవాడు కాదు. ఆఖరి పాటలో ఒక్క శ్రుతి జారినా వ్యాను ఎక్కేదాకా తిట్టేవాడు.

మరి మాటల సంగతి? "నా బుద్ధి ఎక్కడుంది" అని పాట అడుగుతుంది, ఒకే మనిషిలో ఇద్దరున్న కథ సినిమా. సరిపోయింది. కానీ దానివల్లే అంటుకుందనడానికి నేను ఒప్పుకోను. 2015లో వచ్చిన 'మిస్టర్ రోబో' అనే అమెరికన్ సీరియల్లో ఇదే పాటను పియానో మీద వాడారు, వాయించింది మాక్సెన్స్ సిరాన్. ఒక్క మాట లేదు. అయినా చూసినవాళ్లందరికీ వెంటనే ఫైట్ క్లబ్ గుర్తొచ్చింది, గుర్తు రావాలనే పెట్టారు కూడా. సినిమా పేరు చెప్పకుండా సినిమాను పిలవడానికి ఆ నాలుగు కార్డులు చాలు.

మా దగ్గర రుజువు ఇంకా మోటుది. 2008 ప్రాంతంలో పాలకొండ రోడ్డు వైపు ఒక కాలేజీలో యాన్యువల్ డే. మైకులు సర్దేటప్పుడు ఊరికే ఆ లీడ్ ముక్క వాయించాను, తీగలు చూసుకోవడానికి. వెనక వరసలోంచి హాస్టల్ కుర్రాళ్లు ఒక్కసారిగా లేచి గోల. "అన్నా, టైలర్ పాట! మళ్లీ ఏయన్నా!" అని. టైలర్ అంటే హీరోలో ఉన్న ఆ రెండో మనిషి పేరు. స్టేజీ దిగాక అడిగాను, ఆ పాట ఎవరిదో తెలుసా అని. ఒక్కడికీ తెలియదు. "సినిమా మ్యూజిక్ డైరెక్టర్‌దే కదా?" అన్నాడు ఒకడు. తమాషా ఏమిటంటే సినిమా సౌండ్‌ట్రాక్ ఆల్బంలో ఈ పాట లేనే లేదు, అంతా డస్ట్ బ్రదర్స్ సంగీతమే. ఆ ఆల్బం కొనుక్కుని పాట కోసం వెతికినవాళ్లు ఎంతమందో.

ఈ అతుకు రాత్రికి రాత్రి పడలేదు. థియేటర్లలో సినిమా నిరాశపరిచింది. 6 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడితే అమెరికాలో 4 కోట్లు కూడా రాలేదు. 2000లో డీవీడీ వచ్చాక జనం ఇళ్లల్లో చూశారు, మళ్లీ చూశారు, స్నేహితుణ్ని కూర్చోబెట్టి చూపించారు. కల్ట్ అంటే అదే కదా, పది మంది వందసార్లు చూడటం. పదిసార్లు చూసిన సినిమా చివరి పాట ఎలా వదులుతుంది? 2004లో పిక్సీస్ నలుగురూ మళ్లీ కలిసి వాయించడం మొదలుపెట్టేసరికి వాళ్ల పాట వాళ్లకంటే పెద్దదై కూర్చుంది.

ఇంకో ముచ్చట. 2022 జనవరిలో చైనాలో ఒక స్ట్రీమింగ్ కంపెనీ ఈ సినిమాను పెట్టినప్పుడు చివర్లో భవనాలు కూలే దృశ్యాన్ని కోసేసి, పోలీసులు కుట్రను ఆపేశారని అక్షరాలు వేశారు. ఊరంతా నవ్వింది. తర్వాత కోసిన భాగంలో చాలావరకు తిరిగి పెట్టారు. నా గీతల సీడీ గుర్తొచ్చి నాకు మాత్రం నవ్వు కంటే జాలే ఎక్కువ కలిగింది.

ఇప్పుడు నా సిద్ధాంతానికి ఎదురు తిరిగే ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే మోసం. క్వీన్ బ్యాండు 'బొహీమియన్ రాప్సొడీ' 1975 పాట, బ్రిటన్‌లో అప్పుడే 9 వారాలు నంబర్ వన్. ఖాళీ ఇల్లు కాదు, రాజమహలు. అయినా 1992లో 'వేన్స్ వరల్డ్' సినిమా దాన్ని తన ఖాతాలో వేసుకుంది. మొదటిసారి అమెరికాలో 9వ స్థానం దగ్గర ఆగిన పాట, ఈసారి 2వ స్థానానికి వెళ్లింది. ఎలా? ఆ సీనులో కుర్రాళ్లు కారులో కూర్చుని ఆ పాటే వింటారు, పాడతారు, గిటారు భాగం రాగానే తలలు ఊపుతారు. పాట నేపథ్యం కాదు, పాట వినడమే సీను. ఆ పాట మీద జనానికి ఉన్న పాత ప్రేమను సినిమా తుడిచెయ్యలేదు, దానికి తోడు కూర్చుంది. కాబట్టి రెండో సూత్రాన్ని మరీ గట్టిగా పట్టుకోకండి.

'రిజర్వాయర్ డాగ్స్' (1992) దారి మరొకటి. 'స్టక్ ఇన్ ద మిడిల్ విత్ యు' అనే హుషారు పాట మోగుతుండగా మనిషి చెవి కోస్తారు. ఆ పాట హుషారు ఇక జన్మలో తిరిగి రాదు. 'అపొకలిప్స్ నౌ' (1979)లో డోర్స్ బ్యాండు 1967 నాటి 'ది ఎండ్' పాటను సినిమా మొదట్లోనే పెట్టారు, తాటితోపు మంటల్లో కాలిపోతుంటే. 'అంతం' అనే పేరున్న పాటతో సినిమా మొదలు! మొదట్లో అయినా చివర్లో అయినా, గుమ్మం దగ్గర పెట్టిన పాటకు ఉన్న పట్టు నట్టింట్లో పెట్టినదానికి ఉండదు.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే 'గుణ' ఉంది. 1991 సినిమా, ఇళయరాజా గారి బాణీ, తెలుగులో 'కమ్మని ఈ ప్రేమలేఖనే' అంటే తెలియనివారు ఉండరు. 2024లో మలయాళ 'మంజుమ్మల్ బాయ్స్' దాని తమిళ పాటను వాడుకుంది, స్నేహితుణ్ని గుహలోని లోతైన గోతిలోంచి బయటికి తీసే చోట. ప్రేమ పాట స్నేహం పాట అయిపోయింది. ఇప్పటి కుర్రాళ్లకు ఆ పాటంటే ఆ గుహే. ఆ ఏడాది మే నెలలో ఇళయరాజా గారు నిర్మాతలకు నోటీసు పంపిన సంగతి మీరూ చదివే ఉంటారు. దత్తతకు కాగితాలు ముఖ్యం.

అలా మీ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చాం.

మూడేళ్ల కిందట నలుగురు కుర్రాళ్లు షార్ట్ ఫిల్మ్ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. చివరి సీను తోటపల్లి రిజర్వాయరు గట్టు మీద, సాయంత్రం, ఇద్దరు స్నేహితులు. ఎడిటింగ్‌లో "ఊరికే ప్రస్తుతానికి" అని ఈ పాటే వేసుకున్నారు. దీన్ని టెంప్ ట్రాక్ అంటాం. "గురువుగారూ, దీని బదులు మీరు ఏదో ఒకటి కొట్టీండి" అన్నారు. నేను నాలుగు రకాలు చేశాను. నాలుగూ నచ్చలేదు వాళ్లకు. నచ్చవు! ఎందుకంటే రెండు నెలలుగా వాళ్లు ఆ పాట తాళానికే షాట్లు కోశారు, ఆ పాటతోనే వందసార్లు చూశారు. వాళ్ల సీనును ఫైట్ క్లబ్ ఎప్పుడో దత్తత తీసేసుకుంది. ఆఖరికి పాట అలాగే ఉంచేశారు. నేనూ గట్టిగా వద్దనలేదు, అది నా తప్పు. యూట్యూబులో పెట్టిన కాసేపటికే హక్కుల క్లెయిము వచ్చి పడింది. ఒక పోటీకి పంపితే అనుమతి పత్రాలు అడిగి, లేవంటే పక్కన పెట్టేశారు. మిక్సింగ్ నాదే కాబట్టి నా పేరూ దాంతోపాటే పక్కకు పోయింది.

అందుకని మీకు చెబుతున్నాను. ఒక పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి. బాణీ, మాటల హక్కు ఒకటి, ఆ రికార్డింగు హక్కు మరొకటి. మీరే గిటారు మీద వాయించుకుంటే రెండోది అక్కర్లేదు గానీ మొదటిది కావాల్సిందే. "30 సెకన్ల లోపైతే పర్వాలేదు" అన్నది ఒట్టి పుకారు, మన చట్టంలో అలాంటి లెక్క లేదు. "హక్కులు వారివే" అని టైటిల్సులో వేసినంత మాత్రాన ఏమీ మారదు. మన కాపీరైటు చట్టం లెక్కన రికార్డింగుకు 60 ఏళ్లు రక్షణ, అంటే 1988 పాటకు 2048 దాకా. అప్పటికి మీరు షార్ట్ ఫిల్ములు మానేసి ఉంటారు.

చేయగలిగింది వేరే ఉంది. పాటను కాదు, పెట్టిన తీరును అరువు తెచ్చుకోండి. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మీ ఫిల్మ్ పదిహేను నిమిషాలైతే మొదటి పదమూడు నిమిషాలూ మనిషి గొంతుతో సంగీతం వద్దు. ఊరి చప్పుళ్లతో నడపండి: ఆటోలు, కుక్కలు, ఫ్యాను మోత. చివర్లో ఒక్క గొంతు రానివ్వండి. శ్రీకాకుళంలో పాడేవాళ్లకు కొదవా? జముకుల కథ చెప్పేవాళ్లు ఉన్నారు, తప్పెటగుళ్లు ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకరికి న్యాయంగా డబ్బిచ్చి, కాగితం రాసుకుని, మీ ఫిల్మ్ కోసమే ఒక ముక్క పాడించుకోండి. బయట ఎవరూ విని ఉండని గొంతు అయితే మరీ మంచిది, ఖాళీ ఇల్లు దొరికినట్టే. పాడించేటప్పుడు స్టూడియో లేదని బెంగ వద్దు, బాత్రూము ఉంటుంది కదా.

ఎడిటింగ్ మొదలుపెట్టేటప్పుడు పేరున్న ఏ పాటా టైంలైన్ మీద వేయకండి, ఒక్క రోజుకైనా సరే. 1969 నాటి 'ఈజీ రైడర్'లో తాత్కాలికంగా వేసుకున్న పాటలే చివరికి సినిమాలో ఉండిపోయి చరిత్ర సృష్టించాయని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ వాళ్లు తర్వాత డబ్బు కట్టి ఆ హక్కులు కొనుక్కున్నారు. తాళం కావాలంటే ఫోనులో మెట్రోనోం పెట్టుకోండి, లేదా బల్ల మీద దరువేసి రికార్డు చేసుకోండి.

మీ చివరి సీను ఎంత నిడివి, అందులో మాటలున్నాయా లేదా, దాని ముందు సీనులో ఏ చప్పుళ్లున్నాయి, ఈ మూడూ రాయండి. గొంతు ఏ క్షణంలో రావాలో అవి తెలిస్తేగానీ చెప్పలేను.